చదునుగా ఉంచమని అడిగినవాళ్లు

నర్సింగ్ పూర్తిచేసి మొదటిసారి సర్జికల్ వార్డులో అడుగుపెట్టే అమ్మాయిలు నన్ను ఎప్పుడూ ఒకే ప్రశ్న అడుగుతారు. "ఏం నేర్చుకుని రావాలి మేడమ్?" ఇంజెక్షన్ ఇవ్వడం, డ్రెస్సింగ్ మార్చడం, గాయంలోంచి గొట్టం ద్వారా డ్రెయిన్ సీసాలోకి దిగిన నీరు చూసి డాక్టరుకి చెప్పడం, ఇవన్నీ కొన్నాళ్లకి వాటంతటవే చేతికి వచ్చేస్తాయి. వాటి గురించి నేను రాయను. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించీ రాయను. అవి ఎప్పుడు వచ్చాయో నాకే సరిగా గుర్తులేదు.

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఆడవాళ్ల సర్జికల్ వార్డులో నా ఉద్యోగమంతా గడిచింది. ఉండేది కొవ్వూరులో. రోజూ వంతెన దాటి వెళ్లి, వంతెన దాటి వచ్చేదాన్ని. వార్డులోకి అన్ని రకాల కేసులూ వచ్చేవి. ఇంటికి వచ్చాక కూడా నన్ను వదలనివి మాత్రం రొమ్ము క్యాన్సర్ కేసులే. రొమ్ము తీసేశాక దాని స్థానంలో కొత్తది కట్టించుకోకుండా, ఛాతీ చదునుగానే ఉంచుకుని బతికే ఆడవాళ్ల గురించి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. మా జిల్లాల్లో ఎక్కువమంది అలాగే బతుకుతారు. కొందరు కోరి, కొందరు ఇంకో దారి ఉందని ఎవరూ చెప్పక. ఇప్పుడు వాళ్లలో నేనూ ఒకదాన్ని. నేను కోరి ఉన్నదాన్ని. రాసిన పేర్లన్నీ మార్చాను, మనుషులు మాత్రం వాళ్లే.

పెసల మెత్త

మా వార్డులో ఒక అలవాటు ఉండేది. రొమ్ము తీసిన ప్రతి మనిషికీ ఇంటికి వెళ్లే రోజున ఒక మెత్త కుట్టి ఇచ్చేవాళ్లం. పలచటి గుడ్డ సంచిలో దూది కూరి, గుండ్రంగా కుట్టి, జాకెట్టు లోపల పెట్టుకోమని చెప్పి పంపడం. నేను చేరకముందు నుంచే ఆ అలవాటు ఉంది. నేను చేరాక దానికి నా తెలివి కొంత జోడించాను. ఉత్త దూది అయితే బరువు లేక పైకి జరిగిపోతోందని, లోపల బియ్యం పోసి చూశాను. పురుగు పట్టింది. తర్వాత పెసలు పోశాను. పెసలు నున్నగా ఉంటాయి, గుచ్చుకోవు, సంచిలో చక్కగా సర్దుకుంటాయి. మా పెద్ద డాక్టరు గారు చేతిలోకి తీసుకుని బరువు చూసి "బాగుందే" అన్నారు. ఆయన అలా అనడం చాలా అరుదు కాబట్టి కొన్నాళ్లు నా తల కొంచెం పైకే ఉండేది.

కొవ్వూరు పక్క పల్లె నుంచి మహాలక్ష్మి అనే ఆవిడ ఉండేది. రైతు కుటుంబం. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకి చెకప్ కోసం ఓపీకి వస్తూ చేతిలో టిఫిన్ బాక్సు పట్టుకొచ్చింది. నాకేదో వండి తెచ్చిందనుకున్నాను.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"మీరిచ్చిందేనండి సిస్టరు గారూ. మొలకెత్తిందండి."

మూత తీస్తే మెత్త కుట్లలోంచి తెల్లటి మొలకలు బయటికి వచ్చి ఉన్నాయి. కార్తీక స్నానానికి వాడకట్టు ఆడవాళ్లందరితో కలిసి గోదావరికి వెళ్లిందట. అందరిలో తీసి పక్కన పెట్టలేక, లోపల ఉంచుకునే మునిగిందట. ఇంటికి వచ్చి తడిబట్టలతో పాటు బకెట్లో పడేసి, చుట్టాలింటికి వెళ్లి వచ్చేసరికి ఇదీ సంగతి. మా ఊళ్లలో తప్ప ఇలాంటిది ఇంకెక్కడా జరగదు.

"మా ఆయన తాలింపు పెట్టుకుందామా అన్నారండి," అని ఆవిడే ముందు నవ్వింది. ఓపీ అంతా నవ్వింది. క్యాన్సర్ ఓపీలో అంతమంది ఒకేసారి నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

ఇంకోటి కుట్టిస్తానని, ఈసారి పెసలు పొయ్యనని చెప్పాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దండి. ఇది లేకుండా ఇన్నాళ్లు తిరిగేనండి. ఎవరికీ ఏం కాలేదు. నాకూ చెమట బాధ తగ్గింది." తర్వాత బాక్సు మూత పెడుతూ మామూలుగా అంది. "అసలు ఇది కావాలని నేనెప్పుడడిగేనండి మిమ్మల్ని?"

ఎప్పుడూ అడగలేదు. ఆవిడే కాదు, ఎవరూ అడగలేదు. మేమూ వాళ్లని అడగలేదు. అక్కర్లేని మనిషి చేతిలో ఆ మెత్త పెట్టడమంటే, ఉన్నది ఉన్నట్టుగా గుమ్మం దాటకు అని చెప్పడమే. మేం దాన్ని దయ అనుకున్నాం. అమ్మాయిలూ, మెత్తలు దగ్గర ఉంచుకోండి. కావాలనేవాళ్లు ఉంటారు, వాళ్లకది పెద్ద ధైర్యం. కానీ ముందు అడగండి. అడిగాక వాళ్లు జవాబు చెప్పేదాకా నోరు మూసుకుని ఉండండి. రెండోదే కష్టం.

కుడి పక్క, ఎడమ పక్క

మీ పుస్తకాల్లో లేనిది ఒకటి చెబుతాను. మన చీరకి పక్షపాతం ఉంది. పైట ఎడమ భుజం మీదికి వెళుతుంది కాబట్టి ఎడమ రొమ్ము తీస్తే ఆ లోటు పైట కింద దాగిపోతుంది. కుడి పక్క అయితే జాకెట్టు సగం బయటికే కనిపిస్తుంది. కుడి పక్క ఆపరేషన్ అయినవాళ్లు కొంగుని వెనకనుంచి తిప్పి కుడి భుజం మీదుగా కప్పుకుంటారు. పెద్దవాళ్ల ముందు పద్ధతిగా కూర్చున్నారని చూసేవాళ్లు మెచ్చుకుంటారు కూడా.

రోహిణీ కార్తె ఎండల్లో అలా నిండా కప్పుకుని కూర్చున్న మనిషి బస్సులో కనిపిస్తే నాకు అనుమానం వచ్చేది. పలకరించేదాన్ని కాదు. ఏమని పలకరిస్తాను?

ఒకసారి కొవ్వూరు బస్సులో అలాంటివాళ్లిద్దరు పక్కపక్క సీట్లలో కూర్చున్నారు. ఇద్దరూ మా వార్డు నుంచి వెళ్లినవాళ్లే. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరూ నన్ను చూసి నమస్కారం పెట్టారు. "మీకెలా తెలుసండి సిస్టరు గారు?" అని ఒకావిడ రెండో ఆవిడని అడిగింది. "మా చుట్టాలమ్మాయికి కాన్పు చేయించారండి," అందామె. కాన్పుల వార్డులో నేను ఒక్కరోజు కూడా పనిచేయలేదు. మొదటి ఆవిడ తల ఊపి, "మాకూ అంతేనండి," అంది. వంతెన దాటేవరకూ ఇద్దరూ చెరో పక్కకీ చూస్తూ కూర్చున్నారు. వాళ్లిద్దరి చేతులూ తీసి కలిపెయ్యాలనిపించింది నాకు. చెప్పే హక్కు నాకు లేదు. మన వృత్తిలో నోరు విప్పకూడని చోట్లు చాలా ఉన్నాయి, అందులో కొన్ని ఇలా గుండెని పట్టుకుని వదలవు.

పెద్ద డాక్టరు గారి చెవులు

మా పెద్ద డాక్టరు గారి చేతి గురించి నేను ఒక్క మాట కూడా తక్కువ చెప్పను. ఆయన వేసిన కుట్టు చూసి మిగతా డాక్టర్లు నేర్చుకునేవాళ్లు. చెవుల సంగతి వేరు. డబ్బున్నవాళ్లకి రెండు దారులు చెప్పేవారు, లేనివాళ్లకి ఒకటే చెప్పేవారు. ఇద్దరిలో ఎవరు ఏమన్నా ఆయన అనుకున్నదే చేసేవారు.

భీమవరం దగ్గర నుంచి సత్యవతి గారని ఒకావిడ వచ్చారు. రొయ్యల చెరువుల మీద బాగా నిలదొక్కుకున్న కుటుంబం. పొట్ట దగ్గర కండ తీసి కొత్త రొమ్ము కట్టవచ్చని డాక్టరు గారు బొమ్మ గీసి చూపించారు. ఆవిడ బొమ్మంతా శ్రద్ధగా చూసి, "వద్దండి. చదునుగా కుట్టేయండి చాలు. మళ్లీ మళ్లీ బల్ల మీద పడుకోలేను," అన్నారు. పక్కన భర్త ఉన్నారు, నేనూ ఉన్నాను. డాక్టరు గారు తల ఊపారు.

మొదటి డ్రెస్సింగ్ విప్పినప్పుడు ఆవిడ తల వంచి చూసుకున్నారు. చదునుగా లేదు. వదులు చర్మం మడతపడి వేలాడుతోంది.

"ఇదేంటండి, ఖాళీ సంచీలాగ? నేను చదునుగా అడిగేను కదండీ."

నేను డాక్టరు గారి గదికి వెళ్లి అడిగాను. ఆయన కాగితాల మీంచి తల ఎత్తలేదు. "కావాలనే ఉంచాను సిస్టర్. కొన్నాళ్లు పోతే ఆవిడ మనసు మారుతుంది. అప్పుడు చర్మం లేకపోతే నన్నే అంటారు."

"ఆవిడ వద్దన్నారు కదండి."

"ముందు అందరూ అలాగే అంటారు. ఆయన కూడా ఉంచెయ్యమన్నారు."

భర్త విడిగా వచ్చి చెప్పారన్నమాట. చెడ్డ మనిషి కాదు. ఆపరేషన్ రోజు పొద్దుటినుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చున్నారు. ఆవిడ నన్ను అడిగితే ఉన్నది చెబుతానని డాక్టరు గారితో అన్నాను. అది చెప్పడం మీ పని కాదన్నారు. ఆవిడ అడిగారు, నేను చెప్పాను.

సత్యవతి గారు అరవలేదు, ఏడవలేదు. "చెరువులో నీళ్లెప్పుడు మార్చాలో కూడా నన్నడిగే మారుస్తారండి ఆయన," అన్నారు. "దీనికి అడగలేదు." భర్త పళ్లరసం తెచ్చి పక్కన పెడితే, తాగారు గానీ ఆయన వైపు చూడలేదు.

డాక్టరు గారు నాతో మాట్లాడటం మానేశారు. ఏం చెప్పాలన్నా పక్కనున్న నర్సుతో చెప్పేవారు. మరుసటి వేసవి దాటాక సత్యవతి గారు మళ్లీ వచ్చారు. మనసు మారలేదు. మడత కింద చెమట చేరి పుండు పడింది. అది తీసేయమని అడగడానికి, వద్దనుకున్న బల్ల మీదికే రావలసి వచ్చింది ఆవిడకి. డాక్టరు గారే ఆ మడత తీసి, ఎంతో బాగా కుట్టారు.

ఆ తర్వాత ఒకరోజు ఓపీలో, ప్రభుత్వ పథకం కింద వచ్చిన ఒక కూలి మనిషిని ఆయన అడగడం విన్నాను. "చదునుగా ఉంచమంటారా అమ్మా, వేరే ఏమైనా ఆలోచన ఉందా?" ఆవిడకి ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఆయన ఆగారు. నేను వెళ్లి టీ తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. మా ఇద్దరి మధ్యా క్షమాపణలు అంతకంటే ఎక్కువ జరగలేదు.

నా వంతు

రిటైర్మెంటు దగ్గర పడుతుండగా నాకు కుడి పక్క వచ్చింది. అది తీసి కొన్నాళ్లయ్యాక ఎడమ పక్క. రెండూ ఆ డాక్టరు గారే చేశారు. నన్నూ అడిగారు. చదునుగా అన్నాను. చదునుగానే చేశారు.

నాకు పిల్లలు లేరు. మా ఆయన పెళ్లైన కొద్ది ఏళ్లకే పోయారు. తణుకులో ఒక చెల్లెలు ఉంది. వార్డులో నన్ను చూసుకున్నవాళ్లంతా నేను పని నేర్పిన పిల్లలే. ఎంతో మర్యాదగా చేశారు. గుడ్డ విప్పి, కళ్లు దించుకుని, గబగబా శుభ్రం చేసి, దుప్పటి మెడ దాకా లాగేసేవాళ్లు. అందరికీ చెప్పే జాగ్రత్తలు నా దగ్గరికి వచ్చేసరికి ఆపేసి, "మీకు చెప్పేదేముంది మేడమ్," అనేవాళ్లు. నాకన్నీ తెలుసు. అయినా ఎవరైనా కూర్చుని మొదటినుంచీ చెబితే బాగుండేదని ఉండేది. తెలిసినవాళ్లకి కూడా చెప్పాలి. ఈ మాట కింద గీత గీసుకోండి.

నా వార్డులో నేను పెట్టిన నియమం ఒకటి ఉంది. ఇంటికి వెళ్లేలోపు ప్రతి మనిషి గాయాన్నీ ఆవిడ సొంత మనిషి ఒకరు చూడాలి. భర్తో, అక్కో, కూతురో, ఎవరైనా. డాక్టర్లు, నర్సులు చూడటం లెక్కలోకి రాదు. ఒకరు చూశాక ఇంట్లో దాపరికం సగం పోతుంది. ఎంతమంది భర్తలని చెయ్యి పట్టి లాక్కొచ్చి నిలబెట్టానో. నా వంతు వచ్చేసరికి చెల్లెలు వచ్చింది. ఇంటి దగ్గర పది రోజులు ఉండి వండిపెట్టింది. ఒక మధ్యాహ్నం నేను హుక్కుల మీద చెయ్యి వేసి, "ఒకసారి చూస్తావా?" అన్నాను. "ఇప్పుడెందుకక్కా, అన్నం చల్లారిపోద్ది," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. మళ్లీ నేను అడగలేదు. ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా, "బయటికెళ్లేటప్పుడైనా ఏదోటి పెట్టుకో అక్కా," అంటుంది.

చదునుగా బతకడం ఒంటికి కష్టమేమీ కాదు. బోర్లా పడుకోవచ్చు. ఎండాకాలం హాయి. జాకెట్టు దగ్గరే తంటా. మా వీధిలో కుట్టే అమ్మాయిని, రొమ్ము దగ్గర ఎత్తు కోసం వేసే డాట్లు లేకుండా కుట్టమంటే, "డాట్లు లేకుండా జాకెట్టేంటండి, చిన్నపిల్లలకి కుట్టినట్టు?" అంది. సంగతి చెప్పాక పాపం చెవుల దాకా ఎర్రబడి, కుట్టింది గానీ కూలి తీసుకోనంది. బలవంతంగా ఇచ్చాను. నాకు జాలి వద్దు, జాకెట్టు కావాలి.

కష్టం వేరే చోట ఉంది. నాకు ఒంటరిగా ఉంది. ఇంత సూటి మాట రాయడానికి ఇక్కడిదాకా రావలసి వచ్చింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఇతరుల ఒంటిని చూసే మనిషిని. నా ఒంటిని చూసే మనిషి ఉండాలని తోచలేదు. అందంగా ఉందనాలని కాదు. ఉందని ఒకరికి తెలియాలి, అంతే.

ఉప్పాడ నుంచి వచ్చిన మనిషి

పోయిన ఏడాది వార్డు ఇన్‌ఛార్జి కరుణ ఫోన్ చేసింది. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లే. "మేడమ్, ఒకావిడ గాయం చూసుకోనంటోంది. రేపు పంపించెయ్యాలి. ఇంటి దగ్గర ఎవరూ లేరు. చూసుకోకపోతే చీము పట్టినా తెలియదు. ఒక్కసారి వస్తారా?"

వంతెన దాటి వెళ్లాను. నూకరత్నం గారు ఉప్పాడలో చీరలు నేస్తారు. నా ఈడు మనిషే. సముద్రం ఒడ్డుని కోసుకుపోతే ఇల్లు మార్చి, మార్చిన ఇంట్లో మగ్గంతో ఒక్కతే ఉంటారు. డ్రెస్సింగ్ మారుస్తుంటే గోడవైపు తిరిగి, కరుణ అద్దం పట్టి చూపిస్తే కళ్లు మూసుకున్నారు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. దారంతా అనుకుంటూ వచ్చిన మాట చెప్పాను.

"నాకూ ఇదే ఆపరేషన్ అయిందండి. రెండు పక్కలా. మానాక ఎలా ఉంటుందో చూస్తే మీకు భయం పోతుంది. నాది చూపిస్తాను."

నా చెయ్యి అప్పటికే హుక్కుల మీద ఉంది.

"వద్దండి," అన్నారు ఆవిడ, గోడవైపు నుంచి తిరక్కుండా. "పరాయోళ్ల ఒళ్లు నేనెందుకు చూడాలండి."

చెయ్యి దించుకున్నాను. సిగ్గేసింది. ఆవిడకి అక్కర్లేనిది ఆవిడ చేతిలో పెట్టబోయాను. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి అప్పుడే తెలిసింది. వంతెన మీద ఆటోలో వస్తున్నంతసేపూ నేను ఆవిడ గాయం గురించి ఆలోచించలేదు. ఎవరో ఒకరు నాది చూస్తారు అనుకుంటూ వచ్చాను. పేషెంటు మంచం దగ్గరికి వెళ్లేముందు అవసరం ఎవరిదో చూసుకోమని ఎంతమంది పిల్లలకి చెప్పానో నేను.

లేచి వెళ్లిపోతే బాగుండదని కాసేపు కూర్చున్నాను. ఆవిడే ఇటు తిరిగారు.

"మీది ఎవరు చూసేరండి?"

"డాక్టరు గారు చూశారు. నర్సులు చూశారు."

"ఆళ్లు కాదండి. మీ మనుషులు."

నా ప్రశ్నే అది. నేను ఎందరినో అడిగినదే. "ఎవరూ లేరండి," అన్నాను.

"ఎన్నాళ్లయిందండి అయి?"

"ఏళ్లయింది."

ఆవిడ లేచి, డ్రెయిన్ సీసా ఒళ్లోకి తీసుకుని, సర్దుకుని కూర్చున్నారు.

"ఆ తెర లాగండి," అన్నారు.

తర్వాత ఆవిడ తన గాయం చూసుకున్నారా అని మీరు అడుగుతారు. మర్నాడు పొద్దున అద్దం అడిగి తీసుకున్నారని కరుణ ఫోన్‌లో చెప్పింది. నేను అక్కడ లేను. ఆ పేరు నాకు రావడం ఇష్టం లేదు. నేను మీకు చెప్పాలనుకున్నది తెర లాగిన తర్వాతి సంగతి.

హుక్కులు తీసుకున్నాను. ఆవిడ కళ్లు దించుకోలేదు, తిప్పుకోలేదు. ఒక పక్క నుంచి రెండో పక్క దాకా నిదానంగా చూశారు. "సాపుగా ఉందండి," అన్నారు. "ముట్టుకోనా?" అని అడిగారు.

తల ఊపాను. ఆపరేషన్‌లో అక్కడి నరాలు తెగిపోతాయి. చాలామందికి స్పర్శ తిరిగి రాదు, నాకూ రాలేదు. ఆవిడ అరచెయ్యి నా ఛాతీ మీద ఉందని నాకు కళ్లతో చూస్తేనే తెలిసింది. వెచ్చగా ఉందో చల్లగా ఉందో తెలియలేదు. తెర అవతల కరుణ ఎవరితోనో మాట్లాడుతూ అటూ ఇటూ తిరుగుతోంది. ఆవిడ చెయ్యి చాలాసేపు అలాగే ఉంచారు. తియ్యమని నేను అనలేదు.